మమ్మల్ని ఓడించినవాళ్ళు గెలవాలి

జూన్ 11

పొద్దుటి నుంచి పదిహేడు ఫోన్లు చేశాను. నా గొంతు వినగానే ఒకాయన విమానం ఎక్కుతున్నాడు, ఇంకొకాయన పళ్ళ డాక్టరు కుర్చీలో ఉన్నాడు, మరొకాయన చర్చిలో ఉన్నాడు. మంగళవారం మధ్యాహ్నం చర్చేమిటో ఆ దేవుడికే తెలియాలి.

టామరాక్ కాలేజీతో బాస్కెట్‌బాల్ ఆడడానికి ఎవరికీ తీరిక లేదట. తీరిక కాదు, గుండె లేదు. మాలాంటి చిన్న కాలేజీని గెలిస్తే పెద్ద జట్టును ఎవరూ మెచ్చుకోరు. ఓడితే మాత్రం అందరూ నవ్వుతారు.

ఆర్లో తలుపు సందులోంచి తల పెట్టాడు. ఆర్లో క్రుప్కా మా హెడ్ కోచ్, నేను అతని అసిస్టెంటును. పదహారేళ్ళుగా నా నెత్తి మీద కూర్చున్న మనిషి.

"ఏం విన్నీ, ఎవరైనా చిక్కారా?"

"చిక్కితే ఎగిరి గంతేసేదాన్ని కదా. వెళ్ళి నీ పని చూసుకో."

"పోనీలే, కిందటేడాది పిలిచినవాళ్ళనే పిలుద్దాం. హాయిగా గెలిచేస్తాం."

హాయిగా గెలిచే కదా ఇంట్లో కూర్చున్నాం! ఇరవయ్యారు మ్యాచ్‌లు గెలిచాం. మార్చిలో జాతీయ టోర్నమెంటుకు అరవై ఎనిమిది జట్ల పేర్లు చదివారు. మాది లేదు. కమిటీ పెద్దమనిషి టీవీలో చిరునవ్వు నవ్వి, "టామరాక్ ఎవరితో ఆడిందని?" అన్నాడు. లీగ్ మ్యాచ్‌లు ఎలాగూ లీగే వేస్తుంది. బయటి జట్లతో ఆడే పన్నెండు మ్యాచ్‌లు మాత్రం నేను వెతికి తెచ్చుకోవాలి. ఆ ఏడాది పన్నెండూ నేను తెచ్చినవే, పన్నెండూ మెత్తటివే. అంటే ఆ పెద్దమనిషి నా పేరు పెట్టి తిట్టినట్టే లెక్క.

ఆ సాయంత్రం టేవన్ నా భుజం తట్టి, "పరవాలేదు కోచ్, వచ్చే ఏడాది ఉందిగా" అన్నాడు. కెప్టెన్, ఇరవై ఒక్కేళ్ళ పిల్లాడు, నన్ను ఓదార్చాడు. వాడికీ, ఇంకో నలుగురికీ ఇదే ఆఖరి సంవత్సరం. ఈసారి తప్పితే వాళ్ళకు వచ్చే ఏడాది లేదు.

ఈసారి మెత్తటివాళ్ళను పిలిచేది లేదు. అందరూ గట్టివాళ్ళే.

జూన్ 19

మార్బరీ చిక్కింది! కిందటేడాది దేశంలో పదిహేనో ర్యాంకు!

ఈ పనిలో ఒకటే కిటుకు. ఫోనెత్తగానే మన రోగాలన్నీ ఏకరువు పెట్టాలి. మార్బరీ కోచ్ వోగెల్‌కు అరగంట పెట్టాను.

"మీ జట్టెలా ఉంది విన్నీ?"

"ఏం చెప్పమంటారు లెండి. ఒకడికి మోకాలు, ఇంకొకడికి నడుము. మా సెంటర్, ఆ అందరికంటే పొడుగువాడు, వేసవంతా వాళ్ళ నాన్న పడవల దుకాణంలో కూర్చుని బన్నులు తిన్నాడు. పది మంది నిలబడితే గొప్ప."

"అయ్యో పాపం" అన్నాడు. ఆ గొంతులో నీళ్ళూరడం నాకు వినిపించింది. "నవంబర్ 16 మా దగ్గర ఖాళీగా ఉంది. వస్తారా?"

మోకాలు నిజమే. నడుము మాత్రం నాది.

ఆగస్టు 2

పదకొండు మ్యాచ్‌లు కుదిరాయి. తొమ్మిది గట్టివే. డిసెంబర్ 20 ఒక్కటి ఖాళీ. ఆ తేదీకి ఒక పెద్ద జట్టును నానబెడుతున్నాను. ఆర్లో కూడా సరేనన్నాడు.

ఆగస్టు 6

డిసెంబర్ 20 సాబుల్ స్టేట్‌కు ఇచ్చేశాను.

ఎందుకిచ్చానో రాసుకోవాలి, లేకపోతే నాకే మతి పోయిందనిపిస్తుంది. డెమెట్రిస్ పూల్ ఫోన్ చేశాడు. పన్నెండేళ్ళ కిందట మా జట్టులో ఆడినవాడు. నాలుగేళ్ళు ప్రతి ఆదివారం మా ఇంట్లోనే తిన్నాడు. ఇప్పుడు సాబుల్‌లో కొత్తగా హెడ్ కోచ్ అయ్యాడు. ఆ జట్టు కిందటేడాది ఇరవై రెండు ఓడింది. ర్యాంకు మూడు వందల నలభై ఒకటి. అంతకంటే కింద ఇంకెంత మందున్నారని!

"కోచ్, మాతో ఎవరూ ఆడరంటున్నారు. గట్టివాళ్ళకు మేం చేదు, మెత్తవాళ్ళకు మేం దూరం. మా పిల్లలు ఒక్కసారి మంచి జట్టును దగ్గరగా చూడాలి. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానా?"

"ఇబ్బందేముంది రా, రండి" అన్నాను. ఫోన్ పెట్టేశాక తల పట్టుకున్నాను. అంత కింది జట్టును గెలిచినా మా ర్యాంకు దిగుతుంది తప్ప పెరగదు.

ఆర్లో ముఖం బీట్‌రూట్‌లా అయింది. "నీకు బుద్ధుందా? వేసవంతా కష్టపడి కట్టిన షెడ్యూల్లో నువ్వే కన్నం పెట్టావు!" అన్నాడు.

"క్రిస్మస్ ముందు పిల్లలకు ఒక తేలిక మ్యాచ్ ఉండాలని నువ్వే అన్నావుగా" అన్నాను. అతను ఎప్పుడూ అనలేదు. అన్నాడేమో అని ఇప్పుడు ఆలోచిస్తున్నాడు.

నవంబర్ 16

మార్బరీని వాళ్ళ ఊళ్ళోనే కొట్టాం! ఆరు పాయింట్లు! వోగెల్ నాతో చేయి కలుపుతూ, "బన్నులు తిన్న సెంటర్ ఇతనేనా?" అన్నాడు. ఆ సెంటరే ఇరవై నాలుగు కొట్టాడు.

బస్సులో నాలుగు గంటలూ ఆర్లోకీ నాకూ పోట్లాట, ఎవరి ఎత్తు వల్ల గెలిచామని. నా వల్లే. దీని గురించి ఇక రాయను.

డిసెంబర్ 3

గస్ పొద్దున టిఫిన్ దగ్గర పేపరు చూస్తూ, "నిన్న గెలిచారుగా, మరి మీ ర్యాంకు రెండు మెట్లు జారిందేమిటి?" అన్నాడు. నా మొగుడు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్తాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా ఈ ఆట తలకెక్కలేదు.

"ఎవరితో గెలిచామో చూడు. వాళ్ళ ర్యాంకు మూడొందలు. అదీ ఆరు పాయింట్ల తేడాతో."

"అంటే గెలిచినందుకు శిక్షా?"

"గెలిచినందుకు కాదు, వాళ్ళతో ఆడినందుకు."

"మరి మార్బరీవాళ్ళు నిన్న ఇంకెవరినో గెలిస్తే నువ్వెందుకు గంతులేశావు?"

"మనం ఓడించినవాళ్ళు ఎంత గొప్పవాళ్ళయితే మన గెలుపు అంత గొప్పది. మనం ఆడినవాళ్ళందరూ మార్చి దాకా గెలుస్తూనే ఉండాలి. మనతో తప్ప."

గస్ పేపరు మడిచాడు. "మా కెమిస్ట్రీయే నయం" అని లేచి వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 20

ఓడిపోయాం. ఒక్క పాయింటు. మా సొంత జిమ్‌లో. సాబుల్ చేతిలో.

డిసెంబర్ 21

ముప్పై ఎనిమిదో ర్యాంకు నుంచి అరవై మూడుకు పడ్డాం. ఒక్క రోజులో.

నిన్న మ్యాచ్ అయ్యాక డెమెట్రిస్ నా దగ్గరికి వచ్చి ఏమనాలో తెలియక నిలబడ్డాడు. వాడి పిల్లలు వెనక ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తూ నవ్వుతున్నారు. "బాగా ఆడించావురా" అన్నాను. నిజంగానే బాగా ఆడించాడు.

ఆర్లో ఈ రోజు నాతో రెండే ముక్కలు మాట్లాడాడు. "ఆ కుర్రాడి పేరు ఈ గదిలో ఎత్తకు" అన్నది మొదటిది. రెండోది రాయను.

డిసెంబర్ 22

ఆర్లో మాట్లాడడం లేదు. నాకేం బాధ లేదు. గది ప్రశాంతంగా ఉంది.

డిసెంబర్ 23

గది మరీ ప్రశాంతంగా ఉంది.

జనవరి 9

సాబుల్ వరసగా నాలుగు గెలిచింది. నేనేం వెతికి చూడలేదు. కంటబడింది.

జనవరి 25

సాబుల్ వరసగా ఎనిమిది. ర్యాంకు నూట డెబ్భై.

ఇప్పుడు మా ఓటమి అంత సిగ్గుచేటుగా కనబడడం లేదు. ఆర్లో ఆఫీసులోకి వచ్చి కిటికీలోంచి మంచు చూస్తూ, "అతనెవరో, సాబుల్ కోచ్... ఏదో ఆడిస్తున్నాడంట కదా" అన్నాడు.

"ఎవరు? ఆ పేరు ఈ గదిలో ఎత్తకూడదుగా."

"ఇప్పుడు ఎత్తొచ్చు" అన్నాడు.

ఫిబ్రవరి 8

ఆర్లో మేనకోడలి పెళ్ళి. పాదిరి ప్రమాణాలు చదివిస్తుంటే ముందు వరసలోంచి "వేయరా!" అని కేక. ఫోను ఒళ్ళో పెట్టుకుని సాబుల్ మ్యాచ్ చూస్తున్నాడు మహానుభావుడు. పెళ్ళికొడుకు పాపం తననే అనుకుని ఉంగరం వేసేశాడు.

సాబుల్ గెలిచింది. ర్యాంకు నూట పన్నెండు.

ఫిబ్రవరి 22

సాబుల్ తొంభై ఆరు! వందలోపల! మేం నలభై నాలుగు. మార్బరీ పద్దెనిమిది.

ఇప్పుడు డిసెంబర్ 20 గురించి ఎవరైనా అడిగితే, "మంచి జట్టు చేతిలో ఓడాం" అంటున్నాడు ఆర్లో. అక్కడితో ఆగక, "మా విన్నీ ముందే పసిగట్టింది, అందుకే పిలిచింది" అని టీవీవాళ్ళకు చెప్పాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. ఇంకో వారం ఇలాగే చెబితే నేనూ నమ్మేస్తాను.

మార్చి 9

మా లీగ్ ఫైనల్లో ఓడిపోయాం. గెలిచి ఉంటే ఎవరి దయా అక్కర్లేకుండా నేరుగా టోర్నమెంటు సీటు వచ్చేది. అరవై ఎనిమిదిలో దాదాపు సగం సీట్లు, ర్యాంకుతో పని లేకుండా, లీగుల విజేతలకే పోతాయి. మిగతావాటికి ఇక కమిటీ దయ. వచ్చే ఆదివారం పేర్లు చదువుతారు.

టీవీలో జోస్యం చెప్పేవాళ్ళందరూ మమ్మల్ని జాబితాలో అట్టడుగున పెట్టారు. ఆఖరి సీటు. అట్టడుగైనా లోపలే కదా!

మార్చి 14, శుక్రవారం

లెంటు ఉపవాసాల శుక్రవారం కదా, మాంసం ముట్టం, మాజీ సైనికుల లీజియన్ హాల్లో చేపల వేపుడు తింటున్నాం. డెమెట్రిస్ ఫోన్. సెమీఫైనల్ గెలిచారట. ఎగిరి గంతేశాను. పక్క బల్ల ముసలాయన కాఫీ ఒలికింది.

"కోచ్, రేపు సాయంత్రం మా లీగ్ ఫైనల్. మార్బరీతో."

గంతు మధ్యలోనే ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ మార్బరీ గెలవాలి, సాబుల్ గెలవాలి అని ఇద్దరికీ మొక్కాను. వాళ్ళిద్దరూ ఒకే లీగ్ అని నాకు తెలియదా! తెలుసు. ఇంతదాకా వస్తుందనుకోలేదు. మార్బరీ గెలిస్తే ఆ లీగ్ నుంచి మార్బరీ ఒక్కటే వెళ్తుంది. సాబుల్ గెలిస్తే సాబుల్‌కు సీటు ఖాయం. మార్బరీని ఎలాగూ కమిటీయే పిలుస్తుంది. ఆ రెండో సీటు ఎక్కడి నుంచి వస్తుంది? అట్టడుగు నుంచి. మాది.

"నవంబర్‌లో మీరు వాళ్ళను వాళ్ళ ఊళ్ళోనే కొట్టారు కదా" అన్నాడు. "వాళ్ళ ఆట మీద మీరు రాసుకున్న నోట్సు ఉంటే... కోచ్, నాకూ లెక్కలు వచ్చు. మేం గెలిస్తే మీకేమవుతుందో తెలుసు. కాదనండి, నేనేం నొచ్చుకోను. అడగకపోతే మాత్రం నా పిల్లలకు అన్యాయం చేసినట్టుంటుంది."

మా వృత్తిలో తోటి కోచ్ నోట్సు అడిగితే కాదనకూడదు. ఎవరూ రాసిపెట్టలేదు, అందరూ పాటిస్తారు. నేను ఎంత మందిని అడిగి తెచ్చుకున్నానో! కానీ ఇలాంటి నోట్సు ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు.

"చూస్తాను" అన్నాను.

పంపను. టేవన్ ముఖం తలచుకుంటే పంపను. వాళ్ళ ఐదుగురికీ ఇది ఆఖరిది. నేను ముందు వాళ్ళ మనిషిని. తేలిపోయింది.

మార్చి 15, ఉదయం

పంపలేదు.

నోట్సు ఒకసారి శుభ్రంగా తిరగరాశాను. మా ఫైలు కోసం.

మార్చి 15, పదిన్నర

తొమ్మిది పేజీలయింది. డెమెట్రిస్ అడ్రసు పైన వేసి చూశాను. ఊరికే. అక్షరదోషాలు ఎలా ఉన్నాయో చూద్దామని.

మార్చి 15, పదకొండు

పంపేశాను.

మార్చి 15, సాయంత్రం

సాబుల్ గెలిచింది. మూడు పాయింట్లు. డెమెట్రిస్‌ను వాడి పిల్లలు భుజాల మీదికెత్తారు. వాడు టీవీలో ఏడుస్తున్నాడు. నేను సోఫాలో ఏడుస్తున్నాను. గస్, "ఇది మంచిదా చెడ్డదా, ఒక్క మాట చెప్పు" అని రుమాలు పట్టుకుని నిలబడ్డాడు.

నోట్సు సంగతి గస్‌కు కూడా చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

జిమ్‌లో కుర్చీలు వేశారు. పెద్ద టీవీ పెట్టారు. అరవై ఎనిమిది పేర్లు చదివారు.

లేదు.

బయట మిగిలినవాళ్ళలో మొదటిపేరు మాదేనట. అదొక బిరుదు.

టేవన్ జెర్సీ ముఖానికి కప్పుకుని కూర్చున్నాడు. ఈసారి నా భుజం తట్టలేదు. తట్టి ఉంటే నేను అక్కడే కూలిపోయేదాన్ని.

మార్చి 17

దాచుకుని బతకడం నా వల్ల కాదు. పొద్దున్నే ఆర్లో గదికి వెళ్ళాను. తలుపేశాను.

"ఆర్లో, నేనొకటి చేశాను. నువ్వు నన్ను పనిలోంచి తీసేసినా ఏమీ అనుకోను."

"ఏం చేశావు?"

"శనివారం డెమెట్రిస్‌కు మార్బరీ నోట్సు పంపాను. తొమ్మిది పేజీలు."

ఆర్లో కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను పదకొండు పంపాను" అన్నాడు.

"ఏమిటీ?"

"శుక్రవారమే. అడిగాడు. ఏం చేయమంటావు! ఆ కుర్రాడికి మొదటిసారి బంతి పట్టుకోవడం నేర్పింది ఎవరు? నీకెలా చెప్పాలా అని మూడు రోజులుగా కడుపులో మంట. మందులు మింగుతున్నాను చూడు" అని డబ్బా చూపించాడు.

దొంగ వెధవ! ఇద్దరినీ అడిగాడు! అప్పటికప్పుడు స్పీకర్లో ఫోన్ కలిపాం.

"అవును కోచ్, ఇద్దరినీ అడిగాను" అన్నాడు డెమెట్రిస్. "ఒకరు కాదంటే ఒకరైనా ఇస్తారని. ఇద్దరూ ఇచ్చారు. విన్నీ కోచ్, మీరేమో వాళ్ళ సెంటర్ చేతికి బంతి రాగానే ఇద్దరు మీద పడాలని రాశారు. ఆర్లో కోచ్, మీరేమో అతన్ని ఒంటరిగా వదిలేసి మిగతావాళ్ళను పట్టుకోమన్నారు. ఇరవై పేజీల్లో ఒక్క మాట కూడా కలవలేదు. అసలు మీరిద్దరూ ఒకే మ్యాచ్‌కు వెళ్ళారా?"

"మరి దేని ప్రకారం ఆడావు?" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

"రెండూ పక్కన పడేశాను. మా పద్ధతిలో మేం ఆడాం."

అబద్ధమేమో. మా మనసు తేలికపడాలని అన్నాడేమో. వాడికి ఆ గుణముంది. నేను మాత్రం నమ్ముతాను. ఆర్లో కూడా నమ్ముతానన్నాడు, కాకపోతే పక్కన పడేసింది నావి మాత్రమేనని అతని నమ్మకం.

మధ్యాహ్నం పిల్లలందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాం. టేవన్ లేచి నిలబడ్డాడు.

"కోచ్, డిసెంబర్‌లో వాళ్ళు మనల్ని మన జిమ్‌లోనే ఓడించారు. అప్పుడు మీ నోట్సు వాళ్ళ దగ్గర లేవుగా" అన్నాడు.

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ నవ్వారు. టేవన్ నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, "కోపం వచ్చింది కోచ్. రేపటికి పోతుంది" అన్నాడు. అంతకంటే మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు.

మార్చి 18

పెద్ద టోర్నమెంటుకు రానివాళ్ళ కోసం రెండో టోర్నమెంటు ఒకటుంది. మొదటి మ్యాచ్ మా జిమ్‌లోనే. ఇరవై రెండు పాయింట్లతో గెలిచాం. టేవన్ ముప్పై ఒకటి కొట్టాడు. వాడి కోపమంతా పాపం ఆ ఎదుటి జట్టు మీద పోయింది. మళ్ళీ మ్యాచ్ ఆదివారం.

మార్చి 21, శుక్రవారం

మిల్వాకీలో సాబుల్ మొదటి మ్యాచ్. మధ్యాహ్నం. ఎదుట దేశంలో అయిదో ర్యాంకు జట్టు.

పోదామని ఎవరన్నారో గుర్తు లేదు. ఆర్లో తానే అన్నానంటున్నాడు. రెండు వ్యాన్లు. ఐదుగురు ఆఖరి ఏడాది పిల్లలూ వచ్చారు, గస్ కూడా. దారిలో ఎక్కడ కొన్నారో, అందరూ సాబుల్ మెరూన్ చొక్కాలు వేసుకున్నారు. టేవన్ ముఖానికి కూడా రంగు పూసుకున్నాడు.

ఆటగాళ్ళు బరిలోకి వస్తుంటే వాడు రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డాడు. ఆ చెక్క నేల మీద వాడుండాలి. ఈ చింత నాకు జీవితమంతా ఉంటుందేమో, ఉండనీ. అప్పుడే డెమెట్రిస్ తలెత్తి మా వరసను చూశాడు. చూసి, రెండు చేతులూ గుండె మీద పెట్టుకున్నాడు. టేవన్ బదులుగా పిడికిలెత్తి, "కొట్టండ్రా వాళ్ళను!" అని ఆ భవనం అదిరేలా అరిచాడు.

ఆ తర్వాత మా ఎవరికీ ఒళ్ళు తెలియలేదు. ఆర్లో ముందు వరస ఆవిడ టోపీ లాగేశాడు. ఆఖరి రెండు నిమిషాలు నేను కుర్చీ మీద నిలబడే ఉన్నాను.

గస్ నా స్వెటరు పట్టుకుని లాగాడు. "విన్నీ, వీళ్ళు గెలిస్తే మీ ర్యాంకు ఎంత పెరుగుతుంది?"

"ఏమీ పెరగదు. సీట్లన్నీ ఆదివారమే పంచేశారుగా."

"మీకు వచ్చేదేం లేదా?"

"పైసా లాభం లేదు."

"మరి ఎందుకు అరుస్తున్నావు?"

"నోరు మూసుకుని నువ్వూ అరువు!" అన్నాను.

పాపం, అరిచాడు. సాబుల్ నాలుగు పాయింట్లతో గెలిచింది.